రాయలసీమ పెరట్లో తొందరగా, దండిగా కాసే కూరగాయల రకాలు ఎంచుకోవడం ఎలా?

అంగట్లో విత్తనాల పొట్లం మీద "45 రోజుల్లో కాపు" అని కనబడగానే చేయి దాని మీదికే పోతుంది. ఆ అంకె అబద్ధమేమీ కాదు. అయితే దాన్ని ఏ ఊళ్లో, ఏ కాలంలో, ఎంత నీళ్లు పెట్టి తేల్చారో పొట్లం మీద ఉండదు. అనంతపురం, కర్నూలు, కడప ఇళ్లలో విత్తనం మంచిదే అయినా పెరటి పంట చెడిపోతూ ఉంటుంది. కాయ దిగే వేళకు బోరు తగ్గిపోతుంది, లేదా పూత సరిగ్గా మార్చి ఎండలో పడుతుంది. అందుకే మన దగ్గర తొందరగా కాసే రకం అంటే, నీళ్లూ చల్లదనమూ ఉన్న రోజుల్లోపలే తన కాపు ఇచ్చేసే రకం. దాన్ని పట్టుకోవడం ఎలాగో వరసగా చెప్తాను. రెండు సెంట్ల పెరడు ఉన్నా, మిద్దె మీద కుండీలే ఉన్నా పద్ధతి ఒకటే.

1. ముందు మీ రోజులు లెక్కపెట్టండి

క్యాలెండర్ తీసి, మొక్కలకు పోయడానికి మీ ఇంట్లో నీళ్లు నిజంగా ఉండే నెలల పక్కన గీత పెట్టండి. బోరు ఏ నెలలో తగ్గుతుంది, రోజు మార్చి రోజు వచ్చే కొళాయి ఎప్పటి నుంచి మూడు రోజులకోసారి అవుతుంది అన్నది మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తర్వాత ఎండ చూడండి. మార్చి నడిమి నుంచి రోహిణి కార్తె దాటేదాకా, రోళ్లు పగిలే ఆ ఎండలో టమాటా, మిరప, చిక్కుడు పూత నిలవదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పువ్వు పిందె కట్టకుండానే రాలిపోతుంది. ఎంత మంచి ఎరువు వేసినా అంతే.

అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. పడమటి కనుమలకు వెనకపక్క ఉన్నాం కాబట్టి నైరుతి మేఘాలు చాలావరకు అక్కడే కురిసిపోతాయి. మనకు మంచి వాన పడేది సెప్టెంబరులో. కడప వైపు అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలూ అందుతాయి. దీన్ని బట్టి పెరటికి మూడు అదనులు వస్తాయి. మృగశిర కార్తె తొలకరితో మొదలయ్యే ముంగారు ఒకటి. సెప్టెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా నడిచే చలికాలం రెండోది. దండిగా కాసేది ఇదే. జనవరి ఆఖరులో వేసి ఏప్రిల్ నడుమకల్లా ముగించే వేసవి అదను మూడోది. అది చాలా ఇరుకు.

ఇరుకు అంటే ఎంతో చూడండి. జనవరి 25న విత్తనం వేసి, మీకు ఏప్రిల్ 20 దాకా నీళ్లున్నాయనుకుంటే చేతిలో ఉన్నవి 85 రోజులు. బెండ 50 రోజులకు కాస్తే ఇంకో 35 రోజులు కోసుకోవచ్చు. అదే రోజు టమాటా నారు పోస్తే తొలి పండు చేతికొచ్చేసరికే 90 రోజులవుతుంది. అంటే వేసవి అదనులో టమాటా రకాల గురించి అసలు ఆలోచించనక్కర్లేదు. తొలి కోత తర్వాత కనీసం నాలుగు వారాలు కోసుకునే వీలు లేని రకాన్ని ఆ అదనులో పెట్టొద్దు.

2. పొట్లం మీది అంకెను విడదీసి చదవండి

రకాల వివరాల్లో రెండు అంకెలుంటాయి. ఒకటి తొలి కోతకు పట్టే రోజులు, ఇంకొకటి మొత్తం పంటకాలం. అర్క అనామిక బెండకు తొలి కోత 45–50 రోజులు, పంటకాలం 130 రోజులు. అంగడాయన ఒకటి చెప్తుంటే మీరు రెండోది అనుకునే ప్రమాదం ఉంది. ఏదో అడిగి తెలుసుకోండి.

నారు పోసే పంటలకు ఇంకో మెలిక ఉంది. టమాటాకు 60–65 రోజులు అని రాసి ఉంటే అది నాటిన రోజు నుంచి. నారుమడిలో 25 రోజులు దానికి కలపాలి. వంగకు 30–35, మిరపకు 40 రోజుల దాకా కలపండి. నేరుగా గింజ పెట్టే బెండ, అలసంద, బీర, ముల్లంగికి మాత్రం అంకె విత్తిన నాటి నుంచే.

రకం ఎక్కడ పుట్టిందో కూడా చూడండి. పేరు ముందు "అర్క" ఉంటే అది బెంగళూరు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రకం. ఆ ఊరు సముద్రమట్టానికి 850 మీటర్ల పైనే ఉంది. అనంతపురం 335 మీటర్లు, కర్నూలు 270, కడప 140 చుట్టుపక్కల. కాబట్టి అక్కడి చల్లటి గాలిలో తేల్చిన లెక్క కడపలో యథాతథంగా రాదు. వేడికి కొన్ని పంటలు ముందే కాపుకొస్తాయి, ముందే ముగిసిపోతాయి కూడా. హిందూపురం, మడకశిర వైపు ఎత్తు ఎక్కువ, ఆ లెక్కకు దగ్గరగా ఉంటుంది. "పూసా" అని ఉంటే ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రకం. వాటిలో ఎండకు తట్టుకునేవీ ఉన్నాయి, ఉత్తరాది చలి కోసం చేసినవీ ఉన్నాయి. ఉదాహరణకు పూసా చేత్కి ముల్లంగి వేడిలోనూ 40–45 రోజుల్లో గడ్డ కడుతుంది. పూసా హిమాని అనే ముల్లంగికి చలి కావాలి. పేరులో "పూసా" చూసి రెంటినీ ఒకే గాటన కట్టొద్దు.

దిగుబడి అంకెలనూ ఇలాగే చదవాలి. అర్క రక్షక్ టమాటాకు హెక్టారుకు 75–80 టన్నులు అని ఉంటుంది, అర్క మేఘాలికి 18 టన్నులే. చూడగానే మొదటిదే గొప్పది అనిపిస్తుంది. కానీ ఆ 18 టన్నులు వానాధారంగా, పెద్దగా తడులు లేకుండా వచ్చినవి. రక్షక్ లెక్క నీళ్లూ ఎరువులూ అందించి తీసినది. రోజూ నీళ్లు పోయగలిగితే రక్షక్ వేయండి. వారానికి రెండుసార్లే పోయగలిగితే మేఘాలి లాంటిదే మీకు ఎక్కువ టమాటాలు ఇస్తుంది.

3. మట్టీ నీళ్లూ చూసి కొన్నిటిని కొట్టేయండి

అనంతపురం ఎర్రమట్టిలో నీళ్లు నిలవవు, త్వరగా వేడెక్కుతుంది. వేరు సులువుగా దిగుతుంది కాబట్టి ముల్లంగి, గోరుచిక్కుడు, అలసంద బాగుంటాయి. తడి మాత్రం తరచుగా ఇవ్వాలి. నంద్యాల, ఆదోని వైపు నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది. అక్కడ వంగ, మిరప తక్కువ తడులతో నడుస్తాయి. కానీ సెప్టెంబరు ముసురులో నీళ్లు నిలిస్తే టమాటా వేరు కుళ్లుతుంది, కాబట్టి బోదెల మీదే నాటాలి. ముల్లంగి, క్యారెట్ నల్లమట్టిలో వంకర్లు పోతాయి. ఆ మట్టే ఉంటే ఇసుక, పశువుల ఎరువు కలిపిన ఎత్తు మడిలో వేయండి.

బోరు నీళ్లు పోసిన కుండీ అంచుల మీద తెల్లటి పొర కడుతోందా? అయితే మీ నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఫ్రెంచి బీన్స్ ఈ ఉప్పును అస్సలు ఓర్చుకోదు. ముల్లంగి, ఉల్లి, మిరప కూడా సణుగుతాయి. పాలకూర ఓర్చుకుంటుంది, టమాటా కొంతవరకు నెగ్గుకొస్తుంది. ఏ రకం బీన్స్ మంచిదని తిరగడం కన్నా, ఉప్పు నీళ్ల ఇంట్లో ఆ పంటనే వదిలేయడం మేలు.

4. ఇక పంట పంటకూ రకం

బెండతో మొదలుపెడదాం, ఎందుకంటే మన ఎండకు నిలిచి, తొందరగా కాసే కూరగాయల్లో ముందు వరసలో ఉండేది అదే. దీనికి శత్రువు పల్లాకు తెగులు. ఆకు ఈనెలు పసుపెక్కి, తర్వాత ఆకంతా, కాయ కూడా పాలిపోతాయి. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ ఇది, వచ్చాక మందు లేదు. అందుకే బెండలో తొందరతనం కన్నా తట్టుకునే గుణం ముందు చూడాలి. అర్క అనామిక, పర్భణీ క్రాంతి ఈ తెగులును ఓర్చుకునే రకాలుగా వచ్చినవే. పూసా సవాని ఒకప్పుడు గొప్ప పేరున్న రకం, ఇప్పుడు తెగులుకు తేలిగ్గా లొంగిపోతోంది. చవగ్గా దొరికినా వద్దు. ఏ రకం ఓర్పూ శాశ్వతం కాదు కాబట్టి మీ వీధిలో పోయినేడు ఏ బెండ పచ్చగా నిలిచిందో కనుక్కోండి. ఆ సమాచారం పొట్లం కన్నా విలువైనది. చివరి మాట, డిసెంబరు చలిలో బెండ గింజ పెట్టొద్దు. రాత్రి చలికి మొలక ఆలస్యమై, సగం గింజ మట్టిలోనే కుళ్లుతుంది. జనవరి ఆఖరు దాకా ఆగడమే మేలు.

గోరుచిక్కుడు, అదే మన మటిక్కాయ, నీళ్లు తక్కువున్న ఇంటికి వరం. పూసా నవబహార్ వేయండి. కొమ్మలు పెద్దగా వేయకుండా నిటారుగా పెరుగుతుంది, కాబట్టి కొంచెం చోటులోనే ఎక్కువ మొక్కలు పడతాయి. వేసవిలోనూ వానాకాలంలోనూ కాస్తుంది, 50 రోజుల చుట్టుపక్కల కోతకొస్తుంది. కుండీల్లోనైనా సరే.

అలసందలో పొద రకాలు తీసుకోండి. అర్క గరిమ వేడినీ నీటి ఎద్దడినీ తట్టుకుంటుంది, పగటి పొడవుతో పని లేకుండా పూస్తుంది. పూసా కోమల్ కూడా పొదగా ఉండేదే. ఇంకా తొందర కావాలంటే అర్క సుమన్, అర్క సమృద్ధి ఉన్నాయి, వాటి పంటకాలమే 70–75 రోజులు. వేసవి ఇరుకు అదనుకు ఇవి అచ్చంగా సరిపోతాయి. పంట అయ్యాక మొక్కను పీకకుండా మట్టి మట్టానికి కోసేసి, వేళ్లను మట్టిలోనే వదిలేయండి. ఆ వేళ్ల బుడిపెల్లో చేరిన నత్రజని తర్వాతి టమాటాకు ఉపయోగం.

ఇప్పుడు చిక్కుడు. రకం ఎంపిక ఎంత తేడా తెస్తుందో అన్నిటికన్నా స్పష్టంగా కనబడేది ఇందులోనే. నాటు తీగ చిక్కుడు పగలు చిన్నదయ్యాకే పూస్తుంది. జూన్‌లో పెట్టినా ఆగస్టులో పెట్టినా పూత వచ్చేది దాదాపు ఒకే కాలానికి, కాపు సంక్రాంతికి పట్టుకుంటుంది. రథసప్తమికి చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి, చిక్కుడుకాయలతో రథం కట్టే ఆచారం ఉన్నది తీగ నిండుగా ఉండే రోజుల్లోనే కదా. కాబట్టి నాటు చిక్కుడును జూన్‌లో పెట్టి నాలుగు నెలలు ఆకులకు నీళ్లు పోయడం దండగ. ఆగస్టు ఆఖరులో పెట్టండి, తీగ పందిరెక్కే లోపు దాని కాలం వస్తుంది. అలా ఆగలేం అనుకుంటే అర్క జయ్, అర్క విజయ్ ఉన్నాయి. ఇవి పొదలు, పందిరి అక్కర్లేదు, పగటి పొడవును పట్టించుకోవు, రెండున్నర నెలల్లో పని ముగిస్తాయి. నా మాట అడిగితే రెండూ ఉంచుకోండి. పొద చిక్కుడు ముందు కాయలిస్తుంది, కానీ నాటు చిక్కుడు వాసన దానికి రాదు.

టమాటాలో ముందు మొక్క తీరు తేల్చుకోండి. పొట్టి రకాలు ఒక ఎత్తుకు పెరిగి ఆగిపోతాయి, కాయలన్నీ మూడు నాలుగు వారాల్లో ఒక్కసారిగా వస్తాయి. పొడవు రకాలు కాస్త ఆలస్యంగా మొదలుపెట్టి, కట్టెలు పాతి కడితే నెలల తరబడి కాస్తాయి. ఊరగాయ పెట్టుకోవాలంటే పొట్టివి, రోజూ పప్పులోకి నాలుగు పండ్లు కావాలంటే పొడవువి. పాత రకాల్లో పూసా రూబీ తొందరగా పండుతుంది, పుల్లగా పప్పుకు బాగుంటుంది, కానీ ఆకుముడతను తట్టుకోలేదు. పీకేఎం-1 పొట్టి మొక్క, కాయ భుజం పచ్చగా ఉంటుంది, చవగ్గా దొరుకుతుంది. అర్క వికాస్ వేడినీ తేమ తక్కువనూ కొంత ఓర్చుకుంటుంది. ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు ఈ మూడింటినీ ఒకేసారి తట్టుకునేది అర్క రక్షక్. అది హైబ్రిడ్, విత్తనం ఖరీదు ఎక్కువ, దాని గింజలు దాచి వేస్తే అదే మొక్క రాదు. అయినా పెరట్లో పది మొక్కలకు కావాల్సింది చిటికెడు విత్తనమే కాబట్టి ఆ ఖర్చు పెట్టదగిందే. మదనపల్లె వైపు రైతులు వేసే సాహో లాంటి ప్రైవేటు హైబ్రిడ్లూ దండిగా కాస్తాయి. వాటి గట్టి తోలు లారీలో దూరం పోవడానికి పనికొచ్చే గుణం, మీ వంటింటికి దాంతో పని లేదు.

టమాటాకు మన దగ్గర మంచి ముహూర్తం ఆగస్టు, సెప్టెంబరు నారు. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా కోసుకుంటారు. పూత మొత్తం చల్లటి రోజుల్లో పడుతుంది.

వంగలో తొందర తక్కువ, ఓర్పు ఎక్కువ. భాగ్యమతి, శ్యామల, గులాబి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రూపొందిన పాత రకాలు. పొడుగు కాయ ఇష్టమైతే పూసా పర్పుల్ లాంగ్ కాస్త ముందుగా కాస్తుంది. గుత్తి వంకాయకు చిన్న గుండ్రటి కాయ కావాలి, దానికి మీ సంతలో దొరికే నాటు నారే సరి. వంగ అసలు బలం రెండో కాపులో ఉంది. మొదటి విడత అయిపోయాక మొక్కను మోకాలి కింద దాకా కత్తిరించి, ఎరువు వేసి తడి పెడితే కొత్త కొమ్మలతో మళ్లీ కాస్తుంది. తొందరగా కాసే ఇంకో పంట వేయడం కన్నా ఈ పని చవక.

పచ్చిమిరపకు పూసా జ్వాల, జి-4 రెండూ నమ్మదగినవి. నాలుగైదు మొక్కలుంటే ఇంటికి చాలు.

తీగ జాతుల్లో తొందరతనం ఎక్కడుందంటే, తీగ మీద ఎన్నో కణుపు దగ్గర మొదటి ఆడపువ్వు వస్తుందన్న దాంట్లో. బీర, సొర, కాకర, దోస అన్నిటికీ ముందు మగపూలే వస్తాయి. తొందర రకాల్లో కింది కణుపుల్లోనే ఆడపువ్వు పడుతుంది. పిందె ముందే కట్టిన పువ్వే ఆడపువ్వు, చూస్తే తెలిసిపోతుంది. ఎండ ఎక్కువై పగలు పొడవైతే ఏ రకమైనా మగపూల వైపు మొగ్గుతుంది. మార్చిలో వేసిన బీర తీగ నిండా పూలుండి కాయ లేకపోవడానికి అదే కారణం. కాబట్టి బీరకు జూన్, జూలై అదను, లేదా జనవరి ఆఖరు. అర్క ప్రసన్ తొందరగా కాసే బీర. జగిత్యాల లాంగ్ ఉమ్మడి రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన పొడుగు కాయ రకం. సొరలో అర్క బహార్, పూసా నవీన్, కాకరలో అర్క హరిత్, పూసా దో మౌసమి. పూసా దో మౌసమి రెండు కాలాల్లోనూ వేసుకోవచ్చు.

మిద్దె మీద తేనెటీగలు రాకపోతే ఏ రకం పెట్టినా పిందెలు పసుపెక్కి రాలిపోతాయి. మగపువ్వు తుంచి, రేకులు తీసేసి, ఆడపువ్వు నడుమ మెల్లగా రాయండి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, దోస పూలు పొద్దున. ఆ వేళ తప్పితే ఫలితం ఉండదు.

చలికాలపు కూరగాయల్లో క్యాబేజీకి గోల్డెన్ ఏకర్ చాలు. నాటాక రెండు నెలలకు చిన్న గట్టి గడ్డ ఇస్తుంది, నలుగురి ఇంటికి ఒక్క పూటకు సరిపోతుంది. కాలీఫ్లవర్ దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండండి. దీని రకాలు చలిని బట్టి విడివిడి తరగతులు. ముందస్తు రకాలు 20 నుంచి 27 డిగ్రీల్లో పువ్వు కడతాయి, స్నోబాల్ తరగతికి 10 నుంచి 16 డిగ్రీలు కావాలి. మన మైదానంలో స్నోబాల్ పెడితే ఆకులే మిగులుతాయి. ముందస్తు రకమేనా అని అడిగి మరీ కొనండి. ఉప్పు లేని నీళ్లుంటే నవంబరులో అర్క కోమల్, అర్క సువిధ బీన్స్ వేయొచ్చు, 70 రోజుల పంట.

ఆకుకూరలకు రకం మీద పెద్దగా మనసు పెట్టనక్కర్లేదు. తోటకూర 25–30 రోజులకే వస్తుంది. విడతలుగా కోసుకునే తోటకూరకు అర్క సుగుణ, పాలకూరకు పూసా ఆల్ గ్రీన్ చాలు.

5. విత్తనం కొనేటప్పుడు

పొట్లం వెనక లాట్ నంబరు, పరీక్ష చేసిన తేదీ, మొలక శాతం, గడువు చూడండి. పరీక్ష చేసిన నాటి నుంచి తొమ్మిది నెలలు గడువు. ధ్రువీకరించిన విత్తనానికి నీలం రంగు చీటీ ఉంటుంది. కంపెనీ తన పూచీ మీద అమ్మేదానికి లేత పచ్చ చీటీ. పచ్చ చీటీ ఉన్నంత మాత్రాన చెడ్డదని కాదు, పూచీ ఎవరిదో తెలిస్తే చాలు. టమాటా, వంగకు కనీసం 70 శాతం, బెండకు 65, మిరపకు 60 శాతం మొలక ఉండాలని ప్రమాణం. గడువు లోపలే ఉన్నా రేకుల షెడ్డులో వేసవంతా ఉడికిన పొట్లం మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఉల్లి, మిరప, బెండ గింజలు మన వేడికి త్వరగా చచ్చిపోతాయి. అందుకే ఏప్రిల్, మే నెలల్లో కొన్నా గాలి చొరబడని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

అర్క రకాలు అంగట్లో దొరక్కపోతే హెసరఘట్ట సంస్థ నేరుగా ఆన్‌లైన్‌లో చిన్న పొట్లాలు అమ్ముతుంది. మన దగ్గర అనంతపురానికి రెడ్డిపల్లి, కడపకు ఊటుకూరు, కర్నూలుకు బనవాసి, బనగానపల్లె వైపు యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. విత్తనం లేకపోయినా, మీ మండలంలో ఏ రకం నిలుస్తోందో అక్కడ అడగండి. "మంచి బెండ ఏది" అని అడిగితే జవాబు కూడా అలాగే ఉంటుంది. "జనవరి ఆఖరులో వేస్తాను, ఎర్రమట్టి, ఏప్రిల్ దాకా నీళ్లుంటాయి, పల్లాకు తెగులు వస్తోంది" అని చెప్పి అడగండి. అప్పుడు పనికొచ్చే పేరు వస్తుంది.

గులాబీ, ఎరుపు రంగు పూసిన గింజలకు మందు పట్టించి ఉంటారు. వాటిని ముట్టాక చేతులు కడుక్కోండి, మిగిలినవి పిల్లలకు అందకుండా ఉంచండి.

6. వేసే ముందు మొలక చూడండి

తడి గుడ్డలో 20 గింజలు చుట్టి నీడలో పెట్టండి, గుడ్డ ఆరనివ్వకండి. 14 మొలిస్తే 70 శాతం. బెండ నాలుగైదు రోజుల్లో, టమాటా వారంలో, మిరప పది రోజుల్లో తేలిపోతుంది. పది కూడా మొలవకపోతే ఆ పొట్లం వదిలేయండి. మొలక చూడకుండా వేసి, రెండు వారాలయ్యాక మళ్లీ గింజ పెడితే, తొందర రకం కొన్నందుకు మిగిలిన రోజులన్నీ అక్కడే పోతాయి. కాకర గింజ మందమైనది, కొన చిట్లగొట్టి రాత్రంతా నానబెడితే త్వరగా లేస్తుంది.

7. రెండు రకాలు, రెండు విడతలు

ఒకే పంటలో ఒక్క రకానికే పెరడంతా అప్పజెప్పొద్దు. మూడో వంతు కొత్త రకం, మిగతాది మీ వీధిలో నిలిచిన రకం. విత్తనం కూడా సగం ఇప్పుడు, సగం పదిహేను రోజులకు. ఇరవై బెండ మొక్కలు ఆరోగ్యంగా ఉంటే రెండు రోజులకోసారి ఇంటికి కూర వెళ్తుంది. నలభై ఒకేసారి పెడితే నెలంతా బెండే తిని, మరుసటి నెల కొనుక్కోవాలి.

ఏ రకమూ అడ్డుకోలేనివి కొన్ని ఉన్నాయి. 2000 సంవత్సరం ముంగారులో అనంతపురం వేరుశెనగను లక్షల ఎకరాల్లో ఎండగొట్టిన కాండం కుళ్లు వైరస్‌కు వయ్యారిభామ పుప్పొడే వాహనం, తామర పురుగులు దాన్ని ఆకులకు ఎక్కిస్తాయి. అలసంద, బెండ, దోస జాతికీ ఆ వైరస్ సోకుతుంది. కాబట్టి గింజ పెట్టే ముందే ప్రహరీ చుట్టూ, పక్క ఖాళీ స్థలంలో వయ్యారిభామను పూత పడకముందే పీకేయండి. చేతికి తొడుగు వేసుకోండి, కొందరికి దురద వస్తుంది.

కాపు మొదలయ్యాక రకం చేసే పని సగమే, మిగతా సగం మీ కోతది. బెండను రెండు రోజులకోసారి, మటిక్కాయను, బీరను లేతగానే కోయాలి. ఒక్క కాయ ముదిరి గింజ కట్టినా మొక్క బలమంతా దానికే పెట్టి కొత్త పూత తగ్గిస్తుంది. విత్తనానికి కాయ ఉంచుకోవాలంటే దానికని ఒక మొక్కను వేరుగా గుర్తు పెట్టి, మిగతావాటిని మాత్రం వదలకుండా కోయండి. టమాటా, చిక్కుడు, అలసంద నాటు రకాల విత్తనం ఇంట్లో దాచుకోవచ్చు. బీర, సొర, కాకర పక్కింటి రకంతో కలిసిపోతాయి కాబట్టి వాటిని కొనడమే మేలు.

గింజ పెట్టిన రోజే రకం పేరు, తేదీ ఒక పుల్లకు కట్టి మడిలో గుచ్చండి. తొలి పువ్వు, తొలి కోత, చివరి కోత తేదీలు ఒక నోటు పుస్తకంలో రాయండి. పక్కన ఆ వారం నీళ్లు ఎన్నిసార్లు పోశారో కూడా రాయండి. రెండు కాలాలు ఇలా రాశాక అంగట్లో పొట్లం మీది అంకెకు మీ పెరట్లో ఎన్ని రోజులు కలపాలో, ఎన్ని తీసేయాలో మీ దగ్గరే ఉంటుంది. ముంగారు విత్తనాలకు మే మొదటి వారంలో, చలికాలపు నారుకు జూలై ఆఖరులో, వేసవి బెండ, అలసందకు సంక్రాంతి ముందే ఆర్డరు పెట్టండి. అదను దగ్గర పడ్డాక వెళ్తే మంచి రకాలు అయిపోయి, అంగట్లో మిగిలినవే చేతికొస్తాయి.